ఆరో రూముకు కొత్త పేరు

చిత్తూరు పొలిమేరలోని మామిడి గుజ్జు కంపెనీలో యోగానంద కోల్డ్ రూముల రిపోర్టులు చూస్తాడు. ఆరో రూము తలుపు బిగుసుకుపోయి కూలిమనిషి సిద్ధమ్మ లోపలే చచ్చిపోయినప్పటి నుంచి మిగతా కూలివాళ్లెవరూ అటు తొంగి చూడలేదు. లోపలి సరుకు పాడవుతుందని మేనేజరు ఢిల్లీబాబు బెంగ. మనిషి పోయినందుకు కాదు లెండి.

"బోర్డు మీద లక్ష్మీ రూమని రాయించినాను. నీ రిపోర్టులో కూడా మార్చు. లెక్కలు ఆగినాయంటే నీ ఉద్యోగం ఉండదు, సూసుకో," అన్నాడు.

యోగానందకు ఆ కిటుకు తెలుసు. కంప్యూటరులో పైన కనబడే పేరు మార్చాలి. కింద ఆరో రూముతో ఉన్న లంకెను మాత్రం ముట్టుకోకూడదు, తెగిపోతుంది. అలాగే చేశాడు. చలి, తలుపు, లోపలున్న మనుషుల లెక్క, అన్నీ కొత్త పేరు కింద చక్కగా వచ్చి కూర్చున్నాయి. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

మధ్యాహ్నానికి లక్ష్మీ రూము లోపల ఒక మనిషి ఉన్నట్టు తెర చూపించింది. అంతలో భార్య పవిత్ర ఫోను. నగరి పిల్ల, ఈ మధ్యే పనిలో చేరింది.

"బావా, లక్ష్మీ రూములో ఉండాను. డబ్బాలు తెమ్మని పంపినారు."

సిద్ధమ్మ సంగతి అతను ఆమెకు చెప్పనే లేదు. తెరమీద ఒకటి రెండయింది. తలుపు తెరుచుకున్నట్టు మాత్రం చూపలేదు...

"నీతో ఎవరుండారే?"

"ఎవురూ లేరే... ఉండు. ఎవురో పేరు అడగతా ఉండారు."

"చెప్పొద్దు!"

"పవిత్ర," అని ఆమె ఎవరికో గుసగుసగా చెప్పింది. ఫోను తెగిపోయింది.

పరుగెత్తాడు. తలుపు రాలేదు. భుజం పెట్టి తోశాడు. చీకటి... కుళ్లిన మామిడి వాసన... తలుపు పక్కనే నవ్వుతూ నిలబడి ఉంది పవిత్ర. ఏడుపు ఆపుకోలేక ఆమెను వాటేసుకుని, బయటికి లాగి, తలుపు ధడాలున మూశాడు.

ఆమె చెయ్యి విడిపించుకుని, ప్యాకింగు షెడ్డులో ముసలి దేవకమ్మ ముందుకు పోయి నిలబడింది.

"ఏమే దేవకీ, నా సంగటి గిన్నె యాడ పెట్టినావే?"

దేవకమ్మ చేతిలో తట్ట జారిపోయింది. "సిద్దక్కా..." అంది.

"పవిత్రా!" అని అరిచాడు యోగానంద. "ఊఁ," అని వెంటనే పలికింది. ఆమె చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

అతని జేబులో ఫోను మోగింది. తెరమీద పవిత్ర పేరు.

"బావా... తలుపు ఎందుకు మూసినావు?"