తొలి వేట

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! నడినెత్తిన సూర్యుణ్ణి కారుమేఘం మింగేసింది. కింద బందరు కోనేరు సెంటరులో మాత్రం ఆటోల హారన్లకు దయ్యాలైనా చెవులు మూసుకోవాల్సిందే. అక్కడ సెల్‌ఫోన్ల కొట్టుకీ గాజుల కొట్టుకీ నడుమ ఒక సందుంది. లావుపాటి మనిషైతే పక్కకు తిరిగి నడవాలి. కూతురు లహరి చెయ్యి పట్టుకుని, చంకలో కొత్త వల మూటతో ఆ సందులోకి దిగింది గిలకలదిండి నాంచారమ్మ.

సందు చివరి గడప దాటగానే హారన్లు కత్తితో కోసినట్టు ఆగిపోయాయి!

లోపల నాలుగు వైపులా కమానుల వసారాలు, నడుమ నాచు పట్టిన ముంగిలి. ఎప్పుడో డచ్చివాళ్ళు కట్టి వదిలేసిన లోగిలి... ఊరి నడిబొడ్డునే ఉండి ఊరికి తెలియని చోటు. ముంగిట్లో నూరేళ్ళుగా చుక్క నీరు లేని బావి. కమాను మీద గుడ్లగూబ... పట్టపగలు! నమ్మకపోతే మానండి, అది రెప్ప వెయ్యకుండా నాంచారమ్మనే చూసింది.

బావిగట్టున భీకరాకారుడు మాంత్రికుడు దైవాధీనం! నుదుట రక్తచందనం, ఎదుట అగ్నిజ్వాలలు కక్కే హోమగుండం, పక్కన ఎర్రబట్ట కప్పిన ఏదో వస్తువు.

"తెచ్చావా?"

"తెచ్చానండి. నీళ్ళు తగలని వల. నా చేత్తోనే అల్లాను. నా పిల్లకి నయమవుద్దా సామీ?"

నెల్లాళ్ళుగా లహరి జుట్టు విరబోసుకుని, మగగొంతుతో అరుస్తూ, గోడలు రక్కుతోంది. మొగుడు అప్పయ్య మూడేళ్ళ కిందట సముద్రం మీద వేటకెళ్ళి తిరిగిరాలేదు. నాంచారమ్మకు మిగిలింది ఈ ఒక్క పిల్లే.

"వల నాకు కప్పు. బావిలోని భూతం నన్ను తాకకుండా అది నా కవచం!"

ఆమె తటపటాయించింది. "మీరు కప్పుకుంటారా? వద్దండీ... మా పేటలో కొత్త వలంటే..."

"నోర్ముయ్! చేపలమ్ముకునేదానివి, నాకు శాస్త్రం చెప్తావా?"

విసురుగా ఎర్రబట్ట లాగాడు. కపాలం!

ముందు పన్ను సగం విరిగి ఉంది... పళ్ళతో సోడా మూత తీస్తానని పందెం కట్టి అప్పయ్య విరగ్గొట్టుకున్న పన్ను! పెళ్ళైన కొత్తలో ఆ పన్ను చూసి ఆమె నవ్వని పూట లేదు. సముద్రం మింగిన మనిషి తల ఈ లోగిట్లోకి ఎలా వచ్చింది?

నాంచారమ్మకు అంతా తెలిసిపోయింది. నాలుక చివరిదాకా వచ్చిన హెచ్చరికను గుటుక్కున మింగేసింది.

"ఉండండి సామీ... నేనే కప్పుతాను," అంది వినయంగా.

సీసపు గుళ్ళు కట్టిన వల అంచు అతని పాదాలదాకా జారేలా కప్పింది. దైవాధీనం వికటాట్టహాసం చేశాడు!

"పిచ్చిదానా! నీ పిల్లకు పీడ పట్టించిందే నేను! అడుగున నిధి కాసే భూతానికి మొదట దీని తండ్రి తల ఇచ్చాను... ఇక దీని నెత్తురు!"

మొలలోని కత్తి దూసి వలతో సహా పైకెత్తాడు. లహరి కెవ్వుమంది!

నాంచారమ్మ నవ్వింది. ఆ నవ్వుకు గుడ్లగూబ ఎగిరిపోయింది.

"ఒరే దైవాధీనం! కొత్త వలలో మొదట పడ్డదాన్ని మేం ఒడ్డుకి తేంరా. గంగమ్మకే వదిలేస్తాం. ఈ వలకి తొలి వేటవి నువ్వేరా!" చేతులు జోడించి, వల విసిరేటప్పుడు తీరం దద్దరిల్లేలా మగాళ్ళు వేసే కేక వేసింది. "తల్లీ గంగమ్మా! తొలి వేట నీదే!"

ఫెళఫెళమంటూ పిడుగు! ఎండిన బావి హోరెత్తింది... మైళ్ళ దూరాన ఉన్న సముద్రం తాడిచెట్టంత ఎత్తున అందులోంచి లేచింది! ఉప్పునీరు హోమగుండాన్ని మింగింది. వల దానంతటదే బిగుసుకుంది.

"తియ్యవే! వల తియ్యవే అమ్మా! నీ కాళ్ళు పట్టుకుంటా!"

"పట్టుకో... చేతులు బయటికొస్తే!"

కెరటం వెనక్కి తిరిగింది. గట్టు మీద వల లేదు, దైవాధీనం లేడు. ఒక్క కపాలం మాత్రం తడవకుండా ఉంది.

"అమ్మా... ఆకలేస్తోంది," అంది లహరి, తన సొంత గొంతుతో.

నాంచారమ్మ కపాలాన్ని కొంగులో పొదివి పట్టుకుంది. సందు దాటగానే హారన్లు మళ్ళీ మోగాయి. ఆటో ఆపింది.

"గిలకలదిండి వస్తావా నాయనా?"

"ఎక్కు పిన్నీ. ఎంతమంది?"

కొంగు సర్దుకుంటూ చెప్పింది. "ముగ్గురం."