కుట్టని పన్నెండు వారాలు

భార్య జానకమ్మ చనిపోయిన శుక్రవారం కూడా వారపత్రిక వచ్చింది. అనంతరామయ్య మాస్టారు దాన్ని విప్పకుండానే బీరువా మీద పడేశారు.

నెల తిరిగింది. ఆదివారం పొద్దున్న కూతురు అనసూయ టీ కాచి, బైండు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. అంగారక గ్రహానికి వెళ్లిన ఓడ కథ. ఆ వారపత్రికలోనే రెండేళ్లు సీరియల్‌గా వచ్చింది. జానకమ్మకు చూపు మందగించాక మాస్టారే ప్రతి వారం పైకి చదివి వినిపించేవారు. పక్క క్వార్టరు పోలమ్మ గడపలో చేరి వినేది. తర్వాత ఆ కాగితాలు కత్తిరించి గోల్‌బజారులో బైండు చేయించారు.

"నాన్నా, ఇది మధ్యలో ఆగిపోయిందేటి? ఆఖరి భాగం ఏదీ?"

"కుట్టొద్దన్నాను. కథ కాదది, వాంతి. స్నేహితుడు పోయాడని కెప్టెను రెండు వారాలు ఏడుపే. ఇంజను సంగతి లేదు, గ్రహం సంగతి లేదు. ఛీ! చేతులు కడుక్కోవాలనిపించింది. ఆ తర్వాత నేనూ చూడలేదు."

గడపలోంచి పోలమ్మ అందుకుంది. "అదేటి మాస్టారూ! కథయిపోయింది, ఓడ తిరిగి రాలేదు, అందరూ పోనారని సెప్పినారు కదా?"

అనసూయ తలెత్తింది. "అమ్మకీ అదే చెప్పినారా?"

"అయిపోయిందంటే తప్ప మీ అమ్మ వదలదు. ఆ చెత్తని పైకి చదవలేక..."

"ఆస్పత్రిలో ఎన్నిసార్లు అడిగిందో తెలుసా? ఓడలో పుట్టిన పసిపిల్ల కూడా పోయిందా అమ్మడూ, అని. నేను చదవలేదమ్మా అన్నాను. నచ్చకపోతే నచ్చలేదనాలి గానీ, అందర్నీ చంపేస్తారా?"

"అబద్ధమాడొద్దని బెత్తం పట్టుకుని మరీ సెప్తారు" అంది పోలమ్మ. "మా పిల్లడు వెంకటరావు వీపుకి తెల్సు."

మాస్టారు లేచి ట్రంకుపెట్టె తెరిచారు. అచ్చుకాగితం పారేసే అలవాటు ఆయనకు లేదు. కుట్టించని పన్నెండు వారాల కాగితాలూ దారంతో కట్టి ఉన్నాయి. కూర్చుని పైకే చదవడం మొదలుపెట్టారు.

భాష ఇప్పటికీ మోటుగానే ఉంది. కెప్టెను ఏడ్చిన వారాలు వచ్చాయి. అప్పుడు రోత పుట్టించిన ఆ పేజీలే ఇప్పుడు మరీ తక్కువనిపించాయి. రెండు వారాలకే ఎలా లేచి పనిలో పడ్డాడీ మనిషి? అదే రోత ఇప్పుడు ఆయన మీదికే తిరిగింది. అయినా చదువుతూనే పోయారు.

పన్నెండో వారంలో ఓడ తిరిగొచ్చి భూమ్మీద దిగింది. పసిపిల్ల తల్లి చంకలోంచి మొట్టమొదటిసారి వాన చూసి భయపడి ఏడ్చింది. మాస్టారు చదవడం ఆపేశారు. పోలమ్మ ముక్కు చీదుకుంది.

"నేనే చంపేశాను దాన్ని" అన్నారాయన.

అనసూయకు కోపం నిలవలేదు. పక్కకి జరిగి, ఆయన చేతిలోంచి కాగితాలు తీసుకుని, మిగిలిన పేజీ తనే చదివింది.

ఆ పిల్ల క్షేమంగా దిగిందని జానకమ్మకు ఎవరూ చెప్పలేదు.