నంజప్ప రాసిచ్చిన కాగితం

తెల్లవారుజామున షెడ్డు తలుపు తీయగానే నంజప్పకు సంగతి అర్థమైంది. రోజూ ఆ వేళకు లోపల ఎండుటాకుల మీద మేకలమంద నడుస్తున్నట్టు చప్పుడు ఉంటుంది. పట్టుపురుగులు మల్బరీ ఆకు కొరికే చప్పుడది. ఇవాళ లేదు. టార్చి వేసి చూశాడు. రాత్రి వేసిన ఆకు వేసినట్టే ఉంది. పురుగులు ఒళ్లంతా పసుపు తిరిగి, తలలు పైకెత్తి గాలిలో అటూ ఇటూ వెతుక్కుంటున్నాయి.

పండిన పురుగును ఆ పూటే ఏరి చంద్రికల మీద, అంటే గూడు కట్టుకునే వెదురు తడికెల మీద వేయాలి. ఆలస్యమైతే ఆకుల్లోనే, పుల్లల సందుల్లోనే ఒకదాని మీదొకటి గూళ్లు కట్టేస్తాయి. అవి ఎవరూ కొనరు. ఇద్దరు మనుషులు ఒక పూటలో ఏరగలిగే పంట కాదది.

తాయమ్మ కొంగు బిగించుకుని వచ్చి తొంగిచూసింది.

"ఇదేందయ్యా, రేపు గదా పండేది?"

"ఎండకు ఒగ దినం ముందరికొచ్చినాయి."

"మంగమ్మోళ్లకు రేపు రమ్మని చెప్పుంటిమే! ఆయమ్మ గుంపంతా ఈ పొద్దు టమోటా కోతకు పోయుంటారు గదయ్యా."

నంజప్ప చంద్రికలు దింపడం మొదలుపెట్టాడు. భార్య అడగని మాట ఒకటుంది. అది అతనికి వినబడుతూనే ఉంది. ఈ పురుగులు ఇప్పుడు పండాల్సినవి కావు.

వాళ్ల ఊరు పుంగనూరుకు ఆరు కిలోమీటర్లు. ఒక్కతే కూతురు వర్షిత మదనపల్లెలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. కాలేజీలో ఎన్‌సీసీ కేడెట్. పంట ఉన్న దినాల్లో నాలుగింటికి లేచి తల్లితో కలిసి ఆకు కోసేది, మొదటి బస్సుకు పరుగెత్తేది. వారానికి రెండు పరేడ్లు. సాయంత్రం వచ్చి పురుగులకు ఆకు వేసి, ఆ ఆకు మోపు మీదే కూర్చుని చదువుకునేది. బూటు పాలిష్ వాసన పురుగులకు పడదని తన బూట్లు ఇంట్లో పెట్టకుండా మంగమ్మ పంచలో ఉంచేది. మూడేళ్లుగా ఒక్క పంటా చెడలేదు, ఒక్క పరేడూ తప్పలేదు.

చివరి సంవత్సరం క్యాంపు కుప్పంలో పడింది. పది దినాలు. అది పూర్తయితేనే సర్టిఫికెట్టు పరీక్షకు కూర్చోనిస్తారు. ఆ సర్టిఫికెట్టుతో పోలీసుకో మిలిటరీకో పోవాలన్నది ఆ పిల్ల ఆశ. అందుకే నెల ముందే తండ్రికి చెప్పింది. "నాయనా, పిల్ల పురుగుల్ని ఏడో తేదీ తీసుకురా. నేను తిరిగొచ్చినాకనే పండుతాయి. ముందర మాత్రం తేవద్దు."

నంజప్ప మూడో తేదీనే తెచ్చాడు. తోటలో ఆకు ముదురుతోంది. పక్క రైతులు తెచ్చుకుంటున్నారు. చెయ్యి ఆగలేదు. వర్షిత ఆ ట్రేలు చూసి, "అయితే నేను క్యాంపుకు పోవద్దా?" అని మాత్రం అడిగింది. నంజప్పకు తల తీసేసినట్టయింది. "నువ్వు పో పాపా. కూలోళ్లను పెట్టుకుంటా. నీకు ఒక్క ఫోను గూడా చెయ్యను," అని మాటిచ్చాడు.

ఇవాళ క్యాంపుకు ఆరో దినం.

ఆరున్నరకు నంజప్ప ఫోను పట్టుకుని తోటలోకి నడిచాడు. పిల్లల ఫోన్లన్నీ కాలేజీ ఎన్‌సీసీ మేడమ్ ప్రసన్నలక్ష్మి దగ్గర ఉంటాయి. ఆమెకే చేశాడు.

"మేడమ్, నేను వర్షిత నాయన్ని. పాపను ఈ పొద్దొక్క దినం పంపియ్యాల."

"క్యాంపు మధ్యలో పంపడం కుదరదండీ. మరీ ప్రాణం మీదికొస్తే తప్ప కల్నల్ గారు గేట్ పాస్ ఇవ్వరు. ఏమైనా జరిగిందా?"

నంజప్ప షెడ్డు వైపు చూశాడు. తాయమ్మ ఒక్కతే వంగి పురుగులు ఏరుతోంది.

"వాళ్లమ్మకు సీరియస్సుగా ఉండాది మేడమ్."

"అయ్యో! ఏమైందండీ?"

"రక్తం లేదంటాండారు. పుంగనూరు ఆస్పత్రికి తీసకపోతాండాము."

ఆ మాటలు ఎక్కణ్నుంచి వచ్చాయో అతనికే తెలియదు. అవతల ఆమె గొంతు మెత్తబడింది. "ధైర్యంగా ఉండండి. మేం చూసుకుంటాం," అంది. ఆ మెత్తదనం విన్నాక చెంపదెబ్బ తిన్నట్టుగా అయింది నంజప్పకు.

ఎనిమిదింటికి ఆటో ఆగింది. మంగమ్మ, ఆమె వెనక పద్నాలుగు మంది ఆడవాళ్లు దిగారు.

"నంజప్పన్నా! మదనపల్లె మండీలో రేటు పడిపోయిందంట, టమోటా రైతు కోత ఆపేసినాడు. నీ పురుగులు పండినాయని తెలిసి ఇట్నే వచ్చేసినాం. ఏందన్నా మొగం అట్ల పెట్టినావు? మేమొస్తే సంతోషం లేదా?"

"ఉండాది మ్మా. పోండి లోపలికి."

అందరూ షెడ్డు ముందర చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి పోయారు. ఇక మధ్యాహ్నానికల్లా పని తేలిపోతుంది. నంజప్ప మళ్లీ ఫోను తీశాడు. 'వద్దులే మేడమ్, పంపొద్దు' అంటే చాలు. 'ఎలా ఉంది ఆమెకు?' అని అడిగితే ఏం చెప్పాలి? నంబరు నొక్కి కట్ చేశాడు. మళ్లీ నొక్కాడు, మళ్లీ కట్ చేశాడు. పదింటికి అదే మోగింది. మేడమ్. ఎత్తలేదు. పదకొండుకు మూడుసార్లు మోగితే ఫోనే ఆపేసి లుంగీ మడతలో దోపుకున్నాడు.

ఒంటిగంట దాటాక జీపు వచ్చి ఆగింది.

షెడ్డు జాలీలోంచి చూశాడు నంజప్ప. ఖాకీ దుస్తుల్లో వర్షిత కిందికి దూకింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. ఎదురుగా వాకిట్లో, చావింటి ముందర ఉన్నట్టు గుట్టగా పదిహేను జతల ఆడవాళ్ల చెప్పులు. ఆ పిల్ల చూపు వాటి మీదే నిలబడిపోయింది. ఆ చెప్పుల్లోనే కూలబడి, "అమ్మా!" అని గొంతు పగిలేలా అరిచింది.

పురుగుల పళ్లెం చేతిలో పట్టుకునే తాయమ్మ బయటికి పరుగెత్తింది.

"ఏందే పాపా? ఏమాయెనే? యాల ఏడుస్తాండావు?"

వర్షిత తల్లిని చూసింది. లేచి ఆమె మొహం తడిమింది, చేతులు తడిమింది. "నువ్వు బాగుండావా మా?"

"నాకేమే? గుండ్రాయి మాదిరి ఉండాను! ఎవురు ఏం చెప్పినారు నీకు?"

వెనక ప్రసన్నలక్ష్మి మేడమ్ నిలబడి ఉంది. ఆమె పక్కన ఇంకో కేడెట్, సన్నటి పిల్ల. పేరు మాధవీలత.

"మీకు రక్తం లేదని మీవారు చెప్పారమ్మా," అంది మేడమ్ నెమ్మదిగా. "మీ గ్రూపు ఏ నెగిటివ్ అని వర్షిత చెప్పింది. క్యాంపంతా అడిగితే ఈ అమ్మాయి ఒక్కతే దొరికింది, తనంతట తనే జీపెక్కింది. పుంగనూరు ఆస్పత్రిలో ప్రతి వార్డూ వెతికాం. ఎక్కడా మీ పేరు లేదు. ఫోన్ ఎత్తడం లేదు. ఆఖరికి మీ కూతురు..." ఆమె ఆగింది. "శవాల గది ఎక్కడని అడిగింది."

ఆడవాళ్లంతా చేతుల్లో పురుగులతో బయటికి వచ్చి నిలబడ్డారు. నంజప్ప కూడా రాక తప్పలేదు.

మంగమ్మ నోరు నొక్కుకుంది. "అన్నా, మేము ఎనిమిదింటికే వచ్చినాం గదా! అప్పుడన్నా ఒక మాట ఫోను కొట్టుండొచ్చు గదన్నా!"

మంగమ్మ ఎగతాళిగా అనలేదు, నిజంగా తెలియకే అడిగింది. జవాబు కోసం అందరూ అతని వైపు చూశారు. తలెత్తితే పదిహేను మొహాలు, దించితే ఆ చెప్పులు. ఎటు చూడాలో నంజప్పకు తెలియలేదు.

తాయమ్మ పళ్లెం కింద పెట్టింది. "బతికుండే పెండ్లాన్ని సంపేస్తివా? నన్ను ఆస్పత్రిలో పండబెట్టి, నా బిడ్డను శవాల కాడ తిప్పి, నువ్వు ఈడ పురుగులు ఏరుకుంటాండావా?"

"మనుసులు దొరకలేదని..."

"దొరికినాక?"

నంజప్ప వంగి, పళ్లెంలోంచి పాకిపోతున్న పురుగును మళ్లీ లోపల వేశాడు.

వర్షిత కళ్లు తుడుచుకుంది. తండ్రి మీద అరవలేదు, అతని వైపు చూడనే లేదు. అరిచి ఉంటే బాగుండుననిపించింది నంజప్పకు.

"మేడమ్, సాయంత్రం రోల్ కాల్ లోపల పోతే చాలు గదా?"

"చాలు. కానీ కల్నల్ గారికి ఏం చెప్పమంటావు? నిన్ను నమ్మి జీపు ఇచ్చారాయన. నేను అబద్ధం రాయలేనమ్మా."

"నా పేరు రాయండి మేడమ్. ఇంటి మీద గ్యానమై ఉండలేక నేనే ఫోను చేయించినానని రాయండి."

"అలా రాస్తే నీ పేరు కొట్టేస్తారు. పరీక్ష కూడా ఉండదు. మూడేళ్లు పోతాయి."

"పోతే పోనీండి. ఆయన పేరు వద్దు. ఆయన ఈ ఊర్లో తిరగాల గదా."

'ఆయన' అంది. నాయన అనలేదు. మాటిచ్చిన నంజప్ప నోరే అబద్ధమాడింది, ఆ అబద్ధాన్ని మూడేళ్ల కష్టంతో కప్పడానికి తన బిడ్డ సిద్ధంగా నిలబడింది.

"నేనొస్తా," అన్నాడు. "నేను చెప్పిందానికి నేనే చెప్పుకుంటా."

"పో," అంది తాయమ్మ. "ఈడ నేను సూసుకుంటా. నిజం చెప్పే ఇంటికి రా."

జీపులో వర్షిత బయటికే చూస్తూ కూర్చుంది. పలమనేరు దాటాక మాధవీలత నీళ్ల సీసా అందించింది. "అన్నం తిన్నారా అంకుల్?"

నంజప్ప తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి, "నా వల్ల నీకేమన్నా నష్టమా పాపా?" అని అడిగాడు.

"ఈరోజు మా బ్యాచ్‌కి ఫైరింగ్ అంకుల్. ఏడాదంతా దానికోసమే చూస్తాం." ఆ పిల్ల నవ్వింది. "పర్లేదులెండి. ఆంటీ బాగున్నారు కదా, అది చాలు."

నంజప్ప సీసా మూత బిగించి తిరిగిచ్చేశాడు.

కుప్పం చేరేసరికి ఐదైంది. మైదానంలో సున్నపు గీతలు, వరసగా గుడారాలు. మేడమ్ వాళ్లను ఆఫీసు గుడారంలోకి తీసుకెళ్లింది. కల్నల్ నెరిసిన మీసాల మనిషి, ఉత్తరాది నుంచి వచ్చినవాడు. మేడమ్ ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆయన నంజప్పను కింది నుంచి పైదాకా చూసి, కాగితం, పెన్ను ముందుకు జరిపాడు.

"రాసి ఇవ్వండి," అన్నాడు వచ్చీరాని తెలుగులో.

నంజప్ప ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. సంతకం తప్ప ఏదీ రాసి ఎన్ని ఏండ్లైందో గుర్తు లేదు. వేళ్లకు ఇంకా పురుగుల జిగట ఉంది. లుంగీకి తుడుచుకుని, ఒక్కొక్క అక్షరం గీశాడు.

'కల్నల్ సారు గారికి. నా పేరు నంజప్ప. నా భార్యకు ఏ జబ్బు లేదు. పురుగులు ఏరేదానికి మనుషులు దొరకలేదని అబద్ధం చెప్పినాను. మనుషులు దొరికినాక గూడా నిజం చెప్పలేదు. అది మొదటి తప్పు కన్నా పెద్దది. మీరు ఫోను చేస్తే సిగ్గుతో ఆపేసినాను. నా బిడ్డకు ఏమీ తెలియదు. ఇంకొక బిడ్డ నా వల్ల తుపాకీ కాల్చేది పోగొట్టుకునింది. శిక్ష ఉంటే నాకు వేయండి.'

మేడమ్ ఒక్కో వాక్యం చదివి ఇంగ్లీషులో చెప్పింది. మనుషులు దొరికినాక అన్నచోట ఆమె గొంతు ఆగి మళ్లీ సాగింది. కల్నల్ కాగితం చేతిలోకి తీసుకుని, అటెన్షన్‌లో నిలబడిన వర్షిత వైపు తిరిగాడు.

"పొద్దున ఫోన్‌లో కూడా ఎవరో తండ్రినని అన్నారు. కేడెట్, ఈయన ఎవరు?"

నంజప్ప నేల చూస్తూ నిలబడ్డాడు. ఎవరో తెలియదని ఆ పిల్ల అన్నా తాను ఒప్పుకోవాల్సిందేననుకున్నాడు.

"మా నాయన సార్," అంది వర్షిత.

చూపు ముందుకే ఉంది. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. ఆ నిలబడ్డంలో చెయ్యి ఎత్తకూడదు.

కల్నల్ కాగితం మడిచి ఫైల్లో పెట్టాడు. రోల్ కాల్ లోపల వచ్చింది కాబట్టి క్యాంపు పోదు. ఆ ఇంకో పిల్లకు రేపు వేరే బ్యాచ్‌తో ఫైరింగ్ ఇప్పిస్తారు. వర్షితకు మాత్రం మిగిలిన దినాలన్నీ వంటపాత్రలు కడిగే డ్యూటీ. జీపును ఊరికే తిప్పించిన ఇంటికి ఆ మాత్రం ఉండాలని ఆయన అన్నట్టు మేడమ్ చెప్పింది. "ఆ గిన్నెలు నేను తోముతా సార్," అన్నాడు నంజప్ప. ఆయన తల అడ్డంగా ఊపాడు, మొదటిసారి నవ్వుతూ.

బయటికొచ్చేసరికి రోల్ కాల్ ఈలకు ఇంకా రెండు నిమిషాలుంది. వర్షిత తండ్రి పక్కన నిలబడింది.

"మంగమ్మత్త నంబరుకు చెయ్యి నాయనా, చేరినామని. అమ్మ కాచుకోనుంటాది. ఏడుస్తా మాట్లాడొద్దు, మళ్లా ఏమైందో అని బెదురుకుంటాది."

ఈల మోగింది. ఆ పిల్ల వరసలోకి పరుగెత్తింది. నంజప్ప ఫోను ఆన్ చేశాడు. మంగమ్మ నంబరు నొక్కితే, అవతల తాయమ్మే ఎత్తింది.

"యాడుండావయ్యా?"

"ఈడే, కుప్పంలో. బిడ్డకు క్యాంపు పోలేదు మే."

"నిజం చెప్పినావా?"

"రాసిచ్చినాను."

తాయమ్మ గొంతు తగ్గించి అడిగింది. "ఏడుస్తాండావా?"

లేదు అనే మాట నాలుక దాకా వచ్చింది. మైదానంలో ఒక్కొక్కరి పేరూ పిలుస్తున్నారు.

"ఊ," అన్నాడు నంజప్ప. "ఏడుస్తాండాను."