గాలి సోకని గది

మూసీ వరద ఇమ్లీబన్ బస్టాండులోకి వచ్చిన ఏడాది. వరద తీసి, చలి మొదలైన రోజులు. అమీర్‌పేటలో హాస్టళ్ళ సందులో మూడో అంతస్తు ఫ్లాటు. పొద్దున్నే నాగేశ్వరి పొయ్యి మీద కూతురికి పథ్యం కూర పెట్టింది. భర్త రాఘవయ్య కిటికీ దగ్గర కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆయన మాట్లాడడం తక్కువ.

వాళ్ళది తణుకు. కూతురు భావనకి నెలలు నిండకుండానే నొప్పులొస్తే సోమాజిగూడ ఆసుపత్రికి తెచ్చారు. ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఇంకా అద్దాల పెట్టెలోనే ఉంది. తల్లి రోజూ వెళ్ళి పాలు ఇచ్చి రావాలి. అందుకే ఈ ఫ్లాటు రోజుల లెక్కన తీసుకున్నారు. తలుపు పక్కన చిన్న పెట్టె ఉంది, నంబర్లు నొక్కితే అందులోంచి తాళంచెవి వచ్చింది. ఓనరు మొహం ఎవరూ చూడలేదు.

అల్లుడు ప్రమోద్ మొదటినుంచీ హోటలే అన్నాడు. విశాఖ నుంచి సెలవు పెట్టి వచ్చాడు. ఆ పొద్దున ఆసుపత్రి నుంచి వస్తూనే చెప్పాడు.

"అత్తయ్య గారూ, పంజాగుట్టలో రూమ్ తీసుకున్నాను. సామాను సర్దేయండి."

"ఇవాళ పురిటి స్నానం బాబూ. ఇవాళ కదిలిస్తారా ఎవరైనా?"

"అక్కడ చేయించండి. ఇరవై నాలుగు గంటలూ వేణ్ణీళ్ళు."

"హోటల్లో సాంబ్రాణి వేస్తే ఫైరింజన్ వస్తుంది. అయినా ఎవరెవరో దొర్లిన పక్కల మీద పచ్చి బాలింతని పడుకోబెడతానా?"

"ఇక్కడ ఎవరూ దొర్లలేదా?"

"ఇక్కడి దుప్పట్లు నేను ఉడకేసి ఉతుక్కున్నాను. నేల ఫినాయిల్‌తో కడిగాను. నా చేతి శుభ్రం నాకు తెలుసు."

"దుప్పట్ల గురించి కాదండీ. హోటల్లో కింద ఎప్పుడూ మనిషి ఉంటాడు. పొగ వస్తే గంట మోగుతుంది. ఇక్కడ మనకి ఏదైనా అయితే ఎవరిని పిలుస్తాం? తాళాల పెట్టెనా?"

భావన మంచం మీద తల పట్టుకుని కూర్చుంది. మొహం ఎర్రబడి ఉంది. "స్నానం చేసి వచ్చినప్పుడల్లా తల పగిలిపోతోందమ్మా" అంది.

"బాలింతకి తలనొప్పి రాక ఏమవుతుందే. గాలి సోకుతోంది, అదీ సంగతి" అంది నాగేశ్వరి.

స్నానాలగదిలో గ్యాస్ గీజర్ ఉంది. పైన ఒక వెంటిలేటరు. చల్లగాలి రాకుండా మొదటిరోజే నాగేశ్వరి పాత చీర చింపి ఇస్తే రాఘవయ్య స్టూలెక్కి దాన్ని ఆ సందుల్లో దోపాడు. దోపుతుంటే వేళ్ళకి మసి అంటింది. వంటింటికి దూరంగా ఉన్న గదిలో మసి ఎక్కడిదా అనుకున్నాడు. తర్వాత గీజర్‌కున్న చిన్న కంతలోంచి చూస్తే మంట నీలంగా లేదు, పసుపుపచ్చగా ఊగుతోంది. నిన్న గోడ మీది బల్లి కింద పడి చచ్చి ఉంది. "పురుగుల మందు బాగా కొట్టారు, ఇల్లు శుభ్రంగానే ఉంచుకున్నారు" అని నాగేశ్వరి చీపురుతో ఎత్తేసింది. ఆయన అప్పుడూ ఏమీ అనలేదు.

"నాన్నా, నువ్వు చెప్పు" అంది భావన.

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన గ్లాసు కింద పెట్టాడు. భార్య మొహం చూశాడు.

"స్నానం కానీండి. మధ్యాహ్నం వెళ్దాం."

ప్రమోద్ బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు.

నాగేశ్వరి కూతురి తలకి నూనె అంటింది. చెవుల్లో దూది పెట్టింది. లోపల తలుపు మూసుకుని తల్లీకూతుళ్ళు చాలాసేపు ఉన్నారు. గీజర్ బుసబుసమంటూనే ఉంది. నాగేశ్వరి ఒక్కతే బయటికి వచ్చింది. "ఇంకో నాలుగు చెంబులు పోసుకుని వస్తుంది. నేను నిప్పులు చేస్తాను" అంటూ వంటింటి గుమ్మం పట్టుకుంది. కాళ్ళు తడబడి అక్కడే కూలబడింది.

"ఏమైంది?" అన్నాడు రాఘవయ్య.

"ఏం లేదండీ. ఇంకా ఏమీ తినలేదు కదా."

లోపల నీళ్ళు పడుతున్నాయి. చెంబు చప్పుడు లేదు. రాఘవయ్య తలుపు దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా భావనా!" నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఇంకోసారి పిలిచాడు. తలుపు మీద అరచేత్తో బాదాడు.

"ప్రమోద్!" అని అరిచాడు. అల్లుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

ఇద్దరూ కలిసి భుజాలతో గుద్దితే గడియ ఊడింది. భావన గోడకి ఆనుకుని పక్కకి ఒరిగిపోయి ఉంది. పెదవులు కదలడం లేదు. ప్రమోద్ ఆమె మీద దుప్పటి కప్పి ఎత్తుకుని మెట్లు దిగాడు. కింది అంతస్తుల్లో తలుపులు తెరుచుకున్నాయి. ఎవరూ ఎవరికీ తెలియదు. ఒక హాస్టల్ అమ్మాయి పరుగెత్తి ఆటో ఆపింది.

ఆసుపత్రిలో భావన ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు బయటికి వచ్చాడు. "గీజర్ మంట నుంచి వచ్చే విషవాయువు. వాసన ఉండదు, రంగు ఉండదు. గదిలో గాలి ఆడితే ఇంత జరగదు. ఇంకాస్త ఆలస్యమైతే మేం చేసేది ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు గండం గడిచినట్టే."

ప్రమోద్ అత్తమామల వైపు తిరిగాడు. "ఆ వెంటిలేటరు ఎవరు మూశారు?"

"నేను" అన్నాడు రాఘవయ్య.

"నేనే మూయమన్నాను బాబూ. ఆయన్ని అనకండి" నాగేశ్వరి నేల మీద కూర్చుండిపోయింది. "నా బిడ్డకి గాలి సోకకూడదనుకున్నాను. గాలే లేకుండా చేశాను."

"చెప్పాను కదండీ! ఎన్నిసార్లు చెప్పాను! నా మాటంటే మీకు..." ప్రమోద్ కొట్టడానికన్నట్టు ఎత్తిన చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"మంట రంగు చూశాను" అన్నాడు రాఘవయ్య. "మసి చూశాను. తేడాగా ఉందని తెలుసు. ఇంట్లో గొడవెందుకని నోరు మూసుకున్నాను."

నర్సు వచ్చి పిలిచింది. భావన కళ్ళు తెరిచింది. తల్లిని చూసి, "అమ్మా, పాపకి పాల వేళయిందా?" అంది. నాగేశ్వరి ఆమె పాదాల మీద మొహం పెట్టి ఏడ్చింది. ప్రమోద్ వెళ్ళి అత్తగారి భుజం పట్టుకుని లేపాడు.

"లేవండి అత్తయ్య గారూ. మీరూ ఆ గాలే పీల్చారు. డాక్టరుకి చూపిద్దాం."

"మీ హోటల్‌కే వెళ్దాం బాబూ. సాంబ్రాణీ వద్దు, ఏమీ వద్దు."

"వేద్దాం లెండి. ఫైరింజన్ వస్తే నేను మాట్లాడతాను."

సాయంత్రం ఫ్లాటు చూసుకునే లాజరస్‌కి ప్రమోద్ ఫోన్ చేశాడు. లాజరస్ అంతా విని, ఓనరుతో మాట్లాడి మళ్ళీ ఫోన్ చేశాడు. "అయ్యో, అక్క మంచిగున్నదా సార్? ఓనర్‌కు చెప్పిన. చూద్దాం అంటుండు. రేపు పొద్దుగాల వేరే ఫ్యామిలీ వస్తుండ్రు సార్, జర సామాన్ తీసుకపోండ్రి."

ప్రమోద్ ఫోన్ పెట్టేసి తిట్టాడు. రాఘవయ్య అంతా విన్నాడు.

మర్నాడు తెల్లవారగానే ఎవరికీ చెప్పకుండా ఆయన అమీర్‌పేట వెళ్ళాడు. ఆ ఇంటి మెట్ల మీద కూర్చున్నాడు. ఎండ ఎక్కాక ఆటో ఆగింది. భార్యాభర్తలు, నిద్రమొహంతో చిన్నపిల్ల దిగారు. రాఘవయ్య లేచి మెట్లకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరండీ మీరు? ఓనరా?" అన్నాడు ఆ మనిషి.

"కాదు. నిన్న ఈ ఇంటి స్నానాలగదిలో నా కూతురు పడిపోయింది" అన్నాడు రాఘవయ్య. ఏమీ దాచకుండా మొత్తం చెప్పాడు. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది ఎప్పుడూ లేదు.

ఆ మనిషి భార్య పిల్లని ఎత్తుకుంది. వాళ్ళు అదే ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

ఫ్లాటు సర్దుతున్న లాజరస్ పైనుంచి పరుగున దిగాడు. "గిదేంది పెద్దాయనా, నా నౌకరీ పోతది!"

"ఓనర్ని రమ్మను బాబూ. గీజర్ తీసేదాకా నేను కదలను" అని రాఘవయ్య మళ్ళీ ఆ మెట్టు మీదే కూర్చున్నాడు.