గ్యాస్ వద్దన్న మత్తు డాక్టర్

మొదటి రోజే మా ఇద్దరికీ పడలేదు.

గుండె ఆపి బైపాస్ చేసేటప్పుడు ఒంట్లో రక్తాన్ని పంపు చేసే యంత్రం నడపడం నా ఉద్యోగం. రోగిని నిద్రపుచ్చడం ఆమె పని. కొత్తగా వచ్చిన ఆ మత్తు డాక్టర్ నా యంత్రానికి బిగించిన మత్తు గ్యాస్ డబ్బా వైపు చూసి, "అది అలంకారానికా?" అంది.

"అడిగితే తెరుస్తాం."

"అడుగుతున్నాగా, పంపు గారూ."

ఆ పేరు థియేటర్‌లో నాకు అంటుకుపోయింది.

ఆ తర్వాత ఏడాదంతా టీల దగ్గర ఒకటే వాదన. మత్తు గ్యాస్‌తో ఇవ్వాలా, సూదిమందుతోనా? గ్యాస్ అందిన గుండె, రక్తం అందని ఆ గంటను బాగా తట్టుకుంటుందని నేను. కొన్ని పరిశోధనలు అలా అన్నాయనీ, పెద్ద పరిశోధనల్లో అంత తేడా కనబడలేదనీ, మనిషిని బట్టి ఎంచుకోవాలనీ ఆమె. నేను ఓడిపోతున్నప్పుడు ఆమె ఒక కనుబొమ్మ ఎగరేసేది. అది చూడటానికే రోజూ కయ్యానికి కాలు దువ్వేవాణ్ణి. ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం లేదు.

వానాకాలంలో నాన్నకు మూడు రక్తనాళాలు మూసుకుపోయాయని తేలింది. గుండె అప్పటికే బలహీనం. ఇంటి మనిషిని కాబట్టి నన్ను థియేటర్‌లోకి రానివ్వరు. ముందు రోజు సాయంత్రం ఆమెను మెట్ల దగ్గర ఆపాను.

"గ్యాసే ఇవ్వండి. ఈ ఒక్కసారికి నా మాట వినండి."

"ముందు ఆయనతో మాట్లాడనివ్వండి."

గంటసేపు మాట్లాడింది. బయటికొచ్చి నా మొహం చూడకుండా వెళ్ళింది.

పొద్దున నాన్నను లోపలికి తీసుకెళ్ళాక చూస్తే, నా యంత్రం గ్యాస్ డబ్బా ఊడదీసి కారిడార్‌లో బల్ల మీద పెట్టి ఉంది. ఒళ్ళు మండిపోయింది. పంతానికి పోయిందనుకున్నాను. ఎవరినీ అడగలేదు.

ఆపరేషన్ అయింది గానీ గుండె తేరుకోలేదు. గుండె దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చాలా ఎక్కువ వచ్చింది. నాన్న రెండు రోజులు కళ్ళు తెరవలేదు. కిటికీ బయట వాన తెరిపివ్వలేదు. ఆమె డ్యూటీ అయిపోయినా వచ్చి నా పక్కన నిలబడింది.

"వాదన గెలిచారుగా," అన్నాను. "లోపలున్నది మీ నాన్నయితే మీరూ గ్యాసే ఇచ్చేవారు."

ఆమె ఏదో అనబోయి, మానేసి వెళ్ళిపోయింది.

మూడో రోజు నాన్న గొంతులో గొట్టం తీశారు. "డాక్టరమ్మ ఏదిరా?" అన్నాడు మొదటగా.

"ఆవిడ సంగతెందుకు నాన్నా? గ్యాస్ ఇచ్చుంటే ఇంత కష్టం ఉండేది కాదు."

నాన్న కళ్ళు మూసుకున్నాడు. "మీ బాబాయి విషజ్వరంతో పోలేదురా. పన్నెండేళ్ళప్పుడు అపెండిక్స్ ఆపరేషన్. మత్తు గ్యాస్ పెట్టగానే ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయిందట, జ్వరంతో కాలిపోయిందట. పెద్దవాళ్ళు లేరు, సంతకం పెట్టింది నేనే. మీ అమ్మక్కూడా చెప్పుకోలేకపోయాను. ఆ పిల్ల గుచ్చి గుచ్చి అడిగి చెప్పించింది. ఆ గ్యాస్ పడకపోవడం వంశంలో వస్తుందట. గ్యాస్ పెడితే నేనూ బల్ల మీదే పోయేవాణ్ణేమో. నీకూ ఉండొచ్చట. నేనే చెప్తాను, మా వాడికి చెప్పొద్దని మాట తీసుకున్నాను. ఏమన్నా అన్నావా ఆమెను?"

అన్నదంతా చెప్పాను.

"నిలబడ్డావేం? వెళ్ళరా. అలాంటి పిల్లను పోగొట్టుకోకు."

ఆమె డాక్టర్ల గది బయట బెంచీ మీద ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఒక్క మాట చెప్పుంటే..."

"అది ఆయన ముప్పై ఏళ్ళుగా మోసిన మాట. నేనెలా చెప్తాను?"

"క్షమించమనడానికి మొహం చెల్లడం లేదు."

"చెల్లదు లెండి. ఆయన గుండె మునుపటిలా కాకపోవచ్చు. గ్యాస్ లేకపోవడం వల్లో, ముందే పాడైపోవడం వల్లో నాకూ తెలీదు. అదే తొలుస్తోంది నన్ను."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. "ఏడాదిగా నేను మీతో వాదించింది గ్యాస్ కోసం కాదు."

"తెలుసు. ముందు మీరు పరీక్ష చేయించుకోవాలి. నేను వెంట వస్తాను."

"ఉందని తేలితే?"

"మీకెప్పుడు ఏ ఆపరేషనైనా, తల దగ్గర కూర్చునేది నేనే. ఇంకెవర్నీ కూర్చోనివ్వను."

"లేదని తేలితే?"

ఆమె ఒక కనుబొమ్మ ఎగరేసింది.

"అప్పుడైనా నేనే."