మాయని వాసన

మరుపుకు కూడా ఒక దయ ఉంటుంది, ఆ దయ గడ్డి కుక్కిన తోలుకు ఉండేది, ఈ పెట్టెకు లేదు, అనుకుంటూ శేషుబాబు గేదె ముందే నిలబడిపోయాడు. నానమ్మ కాలంలో దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు పెట్టేవారట. తల్లి దాన్ని నాకి పాలు చేపేది. కొన్నాళ్లకు తోలు వాసన పోయేది. దాంతోపాటే దూడ కూడా తల్లి మనసులోంచి మెల్లగా వెళ్లిపోయేది.

గంధిక వాసన పోదు. గుప్పెడంత పెట్టె అది. పుట్టిన దూడ ఒంటి తడిని ఒకసారి అద్దితే చాలు, ఆ వాసనను ఏళ్ల తరబడి మొదటిరోజులాగే వదులుతుంది. చూపూ శబ్దమూ మెదడు గుమ్మంలో ఒకసారి ఆగి లోపలికి వెళతాయి. వాసన ఆగదు. ప్రేమా భయమూ జ్ఞాపకమూ కాపురముండే చోటికి నేరుగా వెళ్లి కూర్చుంటుంది. అందుకే ఇప్పుడు ఏ పాలకేంద్రంలోనూ దూడలుండవు. పుట్టగానే బండెక్కిస్తారు. తల్లులు గంధిక వాసన చూసి చేపుతాయి.

నిన్న కాలవకు గండి పడి, ఇవాళ బండి రాలేదు. తెల్లవారుజామున ఈ గేదె ఈనింది. కిందటి ఈత దూడ వాసన ఉన్న పాత గంధికను తీయాలని శేషుబాబుకు తోచలేదు. తడి తడిగా లేచిన దూడ పొదుగు దగ్గరికి వస్తే తల్లి తలతో నెట్టింది, కాలితో తన్నింది, పెట్టె వైపు తిరిగి దాన్నే నాకుతూ నిలబడింది. అతను జున్నుపాలు పిండి సీసాతో పట్టాడు, గోనెపట్టాతో ఒళ్లు తుడిచాడు. దూడ మింగలేదు. మధ్యాహ్నానికి పోయింది. అప్పుడు పెట్టె తీసేశాడు. గేదె దూడను చూడలేదు. పెట్టె ఉన్న చోటు చూసి అరిచింది.

సాయంత్రం ఇంటికి వచ్చి వసారాలో కూర్చున్నాడు. అలవాటుగా చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది. అక్కడా ఒక గంధిక ఉంది. పెద్దకూతురు మేదిని జ్వరంతో పోయిన రోజు, ఆమె పొత్తిగుడ్డ నుంచి తీయించుకున్నది.

భార్య ఉదయిని చిన్నకూతురికి స్నానం చేయించి, సాంబ్రాణి పొగ వేసి, అతని పక్కనే కూర్చుంది. దూడ సంగతి అతను చెబుతుంటే వింది.

"గేదెలతో చెప్పే కబుర్లలో సగం దీనికి చెప్పినా సరిపోయేదండీ," అంది, పాపను చూపిస్తూ.

అతను తల ఎత్తలేదు. తను ఆ వాసనను పోనిస్తే మేదిని ఇంక ఎక్కడా ఉండదని గొణిగాడు.

"మేదినిని కన్నది నేను. నాకు మాత్రం బాధ లేదా? కానీ ఇది మీ దగ్గరికి పాకి వచ్చినప్పుడల్లా నా చేతికే ఇస్తున్నారు. ఎలా తిప్పి ఇస్తున్నారో మీకు తెలియదు. నేను చూస్తున్నాను."

గేదె దూడను తలతో నెట్టడం అతని కళ్లముందు మెదిలింది.

జేబులోంచి గంధిక తీసి, వాసన రాకుండా ఆపి, కిటికీ గట్టు మీద పెట్టాడు. పాపను ఒళ్లోకి తీసుకుని, ఇంకా తడి ఆరని మాడు మీద ముక్కు ఆనించాడు. సాంబ్రాణి, విరిగిన పాలు, వాటి కింద ఇంకేదో. మేదినిది కాదు.

అయినా ముక్కు తీయకుండా, ఇంకోసారి లోతుగా పీల్చాడు.