నాలుగో షాఫ్టు

మహబూబ్‌నగర్ రైల్వే స్టేషన్‌కు నాలుగడుగుల దూరంలో, ఒక మందుల దుకాణం పైన ఉంటుంది ఆ ఆఫీసు. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఎప్పుడు చూసినా సగం ఊడి వేలాడే కర్టెను. కిటికీ పక్క కంప్యూటరు కోమలది. ఆమె చేసే పనేమిటో వాళ్ల నాయిన ఏసోబుకు ఇప్పటికీ సరిగ్గా అంతుబట్టలేదు. "గోడలు కట్టకముందే కడ్తది మా బిడ్డ" అని ఊళ్లో చెప్పుకుంటాడు. అంతకంటే బాగా చెప్పడం ఇంజనీర్లకు కూడా రాదు.

జడ్చర్ల రోడ్డులో ఐదంతస్తుల దవాఖాన ఒకటి లేస్తోంది. దాని స్తంభాలు, దూలాలు ఒకరు గీస్తారు. గదులు, తలుపులు ఇంకొకరు. నీళ్ల పైపులు, ఏసీ గొట్టాలు మరొకరు. ఎవరి గీత వాళ్లకు ముద్దు, పక్కవాడి గీత ఎక్కడుందో ఎవడికీ పట్టదు. అందరి డ్రాయింగులనూ కంప్యూటరులో ఒక్క మోడల్‌గా కలిపి, ఏ పైపు పోయి ఏ దూలాన్ని పొడుస్తోందో వెతికి పట్టి, సైటులో కట్టకముందే సరిచేయించాలి. అదీ కోమల పని. అలా పొడుచుకున్న చోటును క్లాష్ అంటారు. మొదలుపెట్టినప్పుడు రెండువేల పైచిలుకు క్లాష్‌లున్నాయి. ఏడాదిన్నర నడుం పడిపోయేలా కూర్చుని ఒక్కొక్కటే తీర్చింది. ఆ శుక్రవారం పొద్దున ఒక్కటి మిగిలింది.

సాయంత్రం ఐదింటికల్లా అది సున్నా కావాలి. సున్నా అయితే మోడల్‌ను దవాఖానవాళ్లకు అప్పగిస్తారు, కోమల కొలువు పర్మినెంటు అవుతుంది. ఆఫీసు నడిపే బెంజమిన్ సారు మాట మెత్తన, గడువు దగ్గర మాత్రం రాయి. పొద్దుట్నుంచి మూడుసార్లు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడి వెళ్లాడు.

ఆ మిగిలిన క్లాష్ సెల్లారులోని నాలుగో షాఫ్టులో ఉంది. షాఫ్టంటే పైపులు పై అంతస్తుల నుంచి కిందికి దిగడానికి వదిలే నిలువు సందు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. మే నెలలో ఆ పైపులన్నిటినీ కోమలే మూడో షాఫ్టులోకి మార్చింది. దాంతో నాలుగోది ఎందుకూ కొరగాకుండా పోయింది. పైన స్లాబు వేసేశారు. అడుగున మనిషి వంగి దూరేంత కంత ఉంటే, దాన్నీ ఇటుకలతో మూసేశారు. ఇప్పుడందులో గాలి తప్ప ఏమీ ఉండకూడదు.

కానీ మోడల్‌లో మనిషి ఉన్నాడు.

గది ఎత్తు కంటికి ఆనడానికి మోడల్‌లో ఒక మనిషి బొమ్మను పెట్టడం అందరికీ అలవాటే. ఆ బొమ్మ ఎప్పుడూ నిలబడే ఉంటుంది. ఇది కూర్చుని ఉంది. మోకాళ్లు రొమ్ముకు ముడుచుకుని, ఒక భుజం గోడలోకి దిగబడిపోయి. కోమల పక్క కుర్చీ నరేశ్‌ను దులిపేసింది, గడువు రోజున ఇవేం పరాచికాలని. వాడు తల్లి మీద ఒట్టేశాడు. బొమ్మను తీసేసింది. మోడల్ మళ్లీ తెరిచేసరికి అక్కడే ఉంది. మళ్లీ తీసింది. టీ తాగి వచ్చేసరికి మళ్లీ ఉంది. నాలుగోసారి, ఎవరు పెట్టారో చూద్దామని దాని వివరాలు తెరిచింది. పెట్టినవారు: కోమల. మే పద్నాలుగు, మధ్యాహ్నం ఒకటీ నలభై.

ఆ రోజు, ఆ వేళ తానేం చేసిందో కోమలకు బాగా గుర్తుంది.

సైటులో పెద్ద మేస్త్రీ భీమయ్య. అరవైకి దగ్గరపడ్డ మనిషి. పాలమూరు లేబరు బొంబాయిలో, పుణెలో పనిచేసినన్నాళ్లూ ఒక పద్ధతి పాటించేవాళ్లట. ఏ గుంత పూడ్చినా, ఏ కంత మూసినా, మూసే ముందు మేస్త్రీ స్వయంగా లోపలికి తల పెట్టి మూడుసార్లు పిలవాలి. పిలుపుకూ పిలుపుకూ మధ్య బీడీ కాలేంత సేపు ఆగాలి. ఇటుకలు మోసి మోసి వీపు వంగిన ఏసోబు కూడా కూతురికి ఈ సంగతి చిన్నప్పుడే చెప్పాడు. ఆ రోజు భీమయ్య మూడో అంతస్తు నుంచి ఆమెకు ఫోన్ చేశాడు. కింద షాఫ్టు ముంగట ఎవరివో చెప్పులున్నాయని కూలీలు అంటున్నారని, తాను దిగి వచ్చి పిలిచేదాకా మూయవద్దని, కలిపిన సిమెంటు మాలు ఎండిపోతుందని ఇంజనీరు లొల్లి పెడుతున్నాడని, జర ఆగమని అతనికి ఆమే చెప్పమని బతిమాలాడు. కోమల కుర్చీ వెనక బెంజమిన్ సారు నిలబడి ఉన్నాడు. ఆమె తెర మీద షాఫ్టును చూసింది. ఖాళీగా ఉంది.

"మోడల్‌ల ఏం లేదు కాకా," అంది. "ఎవ్వరు లేరు. మూసేయున్రి."

నాలుగు రోజుల తర్వాత గుర్వమ్మ అనే ఆమె సైటు గేటు దగ్గరికి వచ్చింది. నారాయణపేట అవతలి ఊరు. మొగుడు ఐలేశం ఇక్కడే కూలి చేసేవాడు, ఇంటికి రాలేదు. వేరే సైటుకు పోయి ఉంటాడన్నారు అందరూ. పాలమూరు కూలోడు కనబడకపోతే అంతకు మించి ఎవరూ ఆలోచించరు. ఆమె మాత్రం సోమవారం సోమవారం బస్సెక్కి వస్తూనే ఉంది. ఒకసారి కోమలే ఎదురుపడితే చేయి పట్టుకుని చెప్పింది. కనబడకుండా పోయిన రోజే పగటికి మొగుడు ఫోన్ చేశాడట. ఎండకు తల తిరుగుతోంది, చల్లని జాగా చూసి జర ఒరుగుతా అన్నాడట.

"తెగిన చెప్పుకు ఇనుప తీగె కట్టుకున్నడమ్మా," అంది గుర్వమ్మ. "ఆ చెప్పులు గీడ దొరికినయని వాచ్‌మెన్ ఇచ్చిండు. చెప్పులు ఇడిచిపెట్టి ఎటు పోతడు?"

షాఫ్టు సంగతి కోమల ఆమెకు చెప్పలేదు. దానికి ఆమె తనను తాను ఎన్ని తిట్టుకుందో లెక్కలేదు. అయినా మర్నాడు లేచి ఆఫీసుకే పోయింది.

ఇప్పుడా పేరు, ఆ తేదీ చూశాక ఇక కూర్చోలేకపోయింది. ట్యాబ్ సంచిలో పడేసుకుని, స్కూటీ తీసుకుని, సన్నటి ముసురులో తడుస్తూ సైటుకు పోయింది. మూడు గంటలైనా కాలేదు. పైన పట్టపగలు. సెల్లారు మెట్లు దిగగానే పగలు మెట్టు మెట్టుకూ తగ్గుతూ పోయి, అడుగున వైరుకు వేలాడే నాలుగు బల్బుల వెలుతురే మిగిలింది. మడమ లోతు నీళ్లు. ఎక్కడో పైపులోంచి చుక్క చుక్కగా కారుతున్న చప్పుడు.

గోడ పగలగొట్టాలని చెబితే భీమయ్య ఎందుకని అడగలేదు. గడ్డపార చేతిలోనే పట్టుకుని వచ్చాడు.

"ఆ పొద్దు నేను పిల్వలే బిడ్డా," అన్నాడు నెమ్మదిగా. "గప్పటి సంది కంటికి కునుకు లేదు."

ఆరు వరసల ఇటుకలు ఊడాయి. కంత తెరుచుకుంది. భీమయ్య టార్చి వేశాడు. ఇద్దరూ తొంగి చూశారు.

ఏమీ లేదు. నేల, నాలుగు గోడలు, ఒక మూల ఇంత సిమెంటు పెళ్ల. అంతే. భీమయ్య అక్కడే నీళ్లలో కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. కోమలకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. తాను ఎవరినీ చంపలేదు. మే నెల నుంచి గుండెల మీద మోస్తున్న బండ ఒక్కసారి దిగినట్టయింది.

ఒక్కటే తేడా. లోపలి నుంచి పచ్చి మాలు వాసన వస్తోంది. నాలుగు నెలల కింద కట్టిన గోడ, అప్పుడే కట్టినట్టు.

అక్కడితో వెనక్కి తిరిగి ఉంటే సరిపోయేది. కానీ పని నేర్చిన చేయి ఊరుకోదు. లోపలి నుంచి ఒక ఫోటో తీసి, షాఫ్టు ఖాళీ అని మోడల్‌కు జతచేస్తే క్లాష్ మూసేయవచ్చు. ఐదింటికి ఇంకా టైముంది. సున్నా అవుతుంది. తల వంచి కంతలోంచి దూరింది.

లోపల చల్లగా ఉంది. బావి అడుగున ఉండే చలువ. లేచి నిలబడి ట్యాబ్ ఎత్తింది.

బల్బులు ఆరిపోయాయి.

"కరెంటు పోయినట్టుంది," బయటి నుంచి భీమయ్య గొంతు. "టార్చి గూడ కొట్టుకుంటాంది. ఇంకోటి తెస్త. గీడనే ఉండు బిడ్డా, కదలకు."

నీళ్లలో అతని అడుగులు దూరమయ్యాయి. మెట్ల దాకా వినిపించాయి. తర్వాత వినిపించలేదు.

కోమల ఒక అడుగు వెనక్కి వేసింది. కాలికి ఏదో తగిలింది. మెత్తగా, రబ్బరులా. బొటనవేలికి చురుక్కుమని గుచ్చుకుంది. వంగి తడిమింది. చెప్పు. దాని పట్టెకు తీగె మెలితిప్పి ఉంది.

ఈ చెప్పులు గుర్వమ్మ ఇంట్లో ఉండాలి...

కంత వైపు తిరిగింది. చేయి చాచింది. గోడ. కొంచెం కిందికి. గోడ. ఇటు కాదేమో, అటేమో. అటూ గోడే. వేళ్లతో ఇటుక ఇటుకా తడిమింది. నాలుగు పక్కలా. ఎక్కడా సందు లేదు. ఒక్క చోట మాత్రం ఇటుకల నడుమ మాలు తడిగా, మెత్తగా వేళ్లకు అంటింది.

"కాకా..."

గొంతు గోడకు తగిలి తిరిగి మొహం మీదికే వచ్చింది.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. ట్యాబ్ వెలిగించింది. ఆ నీలి వెలుతురులో తన చేతులు తప్ప ఏమీ కనిపించలేదు. తెర మీద మోడల్ తెరుచుకునే ఉంది. సెల్లారు. నాలుగో షాఫ్టు. నాలుగు గోడలూ నిండుగా ఉన్నాయి, కంత లేదు. ఇప్పుడే ఆరు వరసలు ఊడదీశారు కదా... మోడల్‌కు అది తెలియదు కదా... అలా సర్దిచెప్పుకోబోయి ఆగిపోయింది. మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న బొమ్మ తన చోట లేదు.

వేలితో తెరను తిప్పింది. పై నుంచి చూసింది. పక్క నుంచి చూసింది. బొమ్మ లేచి నిలబడి ఉంది. దాని ముందు ఇంకో బొమ్మ ఉంది. చిన్నది. చేతిలో ఏదో పలక లాంటిది పట్టుకుని, తల వంచి దాన్నే చూస్తోంది.

కోమల తల తిప్పలేదు. తిప్పితే ఏం కనిపిస్తుందో తెలుసు. మెడ వెనక చల్లగా ఏదో తగులుతోంది. ఊపిరి కాదు. ఊపిరైతే వెచ్చగా ఉండేది.

ప్రార్థన గుర్తు తెచ్చుకుంది. సగంలోనే మాటలు పోయాయి.

అంతలో గోడ అవతల నీళ్లలో అడుగుల చప్పుడు. ఒక్కరివి కావు. మాలు మోసే గమేళా కింద పెట్టిన చప్పుడు. మాలు కలుపుతున్న చప్పుడు. ఎవరో ఇంజనీరు తొందర పెడుతున్నాడు. ఆ గొంతును ఆమె ఎరుగును. మే నెలలోనే పని మానేసి వెళ్లిపోయిన మనిషి. ఆపైన, ఇటుకలకు అటువైపు దగ్గరగా, భీమయ్య.

"లోపట ఎవరన్న ఉన్నరా?"

"ఉన్న కాకా. నేను. కోమలను." గొంతు చించుకుని అరిచింది. రెండు చేతులతో గోడను బాదింది. అటువైపు ఏమీ కదల్లేదు. బీడీ కాలేంత సేపు గడిచింది. ఆ వాసన కూడా వచ్చింది.

"లోపట ఎవరన్న ఉన్నరా?"

బాదింది. అరిచేతులు చిట్లి తడయ్యాయి. అరుపు నోట్లోంచి వస్తోంది, తన చెవులకే చేరడం లేదు. ఇంకా ఒక పిలుపు ఉంది. ఇంకొక్కటి. ఈసారి వినాలి. వింటాడు. భీమయ్య వినకుండా మూసే మనిషి కాదు. నాయిన చెప్పాడు కదా, మూడోదానికి చెవి పెట్టి మరీ వింటారని. ఊపిరంతా కూడగట్టుకుని, నోరు ఇటుకలకు ఆనించి నిలబడింది.

"లోపట ఎవరన్న ఉన్నరా బిడ్డా?"

ఆమె నోరు తెరిచేలోపే, వెనక నుంచి, ఆమె భుజం మీదుగా, ఆమె గొంతుతోనే ఎవరో నిమ్మళంగా జవాబు చెప్పారు.

"ఏం లేదు కాకా. ఎవ్వరు లేరు. మూసేయున్రి."

అవతల తాపీతో మాలు తీసి ఇటుకకు రాస్తున్న చప్పుడు మొదలైంది.

చేతిలో ట్యాబ్ ఒక్కసారి వణికింది. తెర పై మూలన క్లాష్‌ల లెక్క చూపే ఒకటి చెరిగిపోయి, ఆ చోట సున్నా వచ్చింది.